చౌక చార్టర్ విమానం ఎక్కేముందు చూడాల్సిన లెక్కలు, కంపెనీ బోర్డు తిప్పేస్తే డబ్బు రాబట్టుకునే దారి

చౌక చార్టర్ విమాన సంస్థలు దాదాపు అన్నీ ఒకేలా పెరుగుతాయి, ఒకేలా పడిపోతాయి. పెరిగేటప్పుడు ప్రయాణికుడి ముందస్తు డబ్బుతోనే పెరుగుతాయి, పడిపోయేటప్పుడు ఆ డబ్బునే ముంచుతాయి. కాబట్టి టికెట్ కొనేవాడు మొదట చూడాల్సింది ఛార్జీ ఎంత తక్కువ అని కాదు. ఇవాళ కట్టిన డబ్బు విమానం ఎగిరేదాకా ఎవరి ఖాతాలో ఉంటుందో చూడాలి. దీని చుట్టూ ఉన్న లెక్కలు, తనిఖీలు, సంస్థ మూతబడితే వెంటనే చేయాల్సిన పనులు ఇక్కడ వివరిస్తున్నాం.

అమ్మేది ఒకరు, నడిపేది ఇంకొకరు

మామూలు విమాన సంస్థలో టికెట్ అమ్మేదీ విమానం నడిపేదీ సాధారణంగా ఒకే కంపెనీ. చార్టర్‌లో చాలాసార్లు ఇవి రెండు వేర్వేరు సంస్థలు. ఒకటి సీట్లు అమ్ముతుంది: పేరు, వెబ్‌సైట్, ప్రకటనలు అన్నీ దానివే, కానీ విమానాలు నడిపే అనుమతి దాని దగ్గర ఉండదు. ఇంకొకటి విమానం, పైలట్లు, సిబ్బంది, నిర్వహణ, బీమా అన్నీ కలిపి గంటల లెక్కన అద్దెకిస్తుంది. ఈ రకం అద్దెను వెట్ లీజు అంటారు.

అమెరికాలో మర్టల్ బీచ్ కేంద్రంగా 2007లో మొదలై 2012 మార్చిలో ఆగిపోయిన డైరెక్ట్ ఎయిర్ ఇలాంటి సంస్థే. దానికి సొంతంగా విమానాలు నడిపే అనుమతి లేదు. ఎక్స్‌ట్రా ఎయిర్‌వేస్, స్కై కింగ్, విజన్ ఎయిర్‌లైన్స్ వంటి సంస్థలు దాని కోసం విమానాలు నడిపేవి. కొన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని మామూలు విమాన సంస్థ అనే అనుకుని ఉంటారు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, అమ్మిన సంస్థ అద్దె కట్టకపోతే విమానం ఉన్న సంస్థ ఆ రోజే విమానం ఆపేస్తుంది. దాని దృష్టిలో ప్రయాణికుడు తన కస్టమర్ కాడు. అటువైపు నడిపే సంస్థ దెబ్బతిన్నా, అమ్మిన సంస్థకు మరునాడు ఎగరడానికి విమానం ఉండదు. అంటే ప్రయాణికుడు రెండు కంపెనీల ఆరోగ్యం మీద ఆధారపడి ఉన్నాడన్నమాట.

అందుకే బుకింగ్ పేజీలో చిన్న అక్షరాలతో ఉండే "విమానం నడిపే సంస్థ" అనే వరుస వెతకండి. అమెరికా చార్టర్ నియమాల ప్రకారం ప్రకటనల్లోనూ ఆ పేరు ఉండాలి. పేరే లేకపోయినా, "తర్వాత తెలియజేస్తాం" అని ఉన్నా కొనకండి. పేరుంటే ఆ సంస్థకు అనుమతి ఉందో లేదో ఆ దేశపు విమానయాన నియంత్రణ సంస్థ జాబితాలో చూడండి. అది రెండు నిమిషాల పని.

ఛార్జీ లెక్క కాగితం మీద వేయడం

ఛార్జీ నమ్మదగినంత తక్కువా, నమ్మరానంత తక్కువా అన్నది తేల్చుకోవడానికి ఈ లెక్క వేయాలి. కింది ధరలు ఉదాహరణ కోసం అనుకున్నవి. పద్ధతి పట్టుకుంటే ఏ మార్గానికైనా వేసుకోవచ్చు.

189 సీట్ల బోయింగ్ 737-800, మూడు గంటల ప్రయాణం. వెట్ లీజు గంటకు 4,000 డాలర్లు అనుకుంటే 12,000. ఈ విమానం గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుంది. మూడు గంటలకు ఏడున్నర టన్నులు, టన్ను 900 చొప్పున 6,750. విమానాశ్రయ రుసుములు, గగనతల రుసుము, సామాన్లు ఎక్కించి దించే ఖర్చు కలిపి 4,000. మొత్తం ఒక వైపు ఖర్చు 22,750 డాలర్లు.

ఇక కార్డు రుసుము, కాల్ సెంటర్, ప్రకటనల కోసం ప్రతి టికెట్ మీద 12 డాలర్లు పోతాయనుకోండి. సగటు ఛార్జీ 155 అయితే సంస్థకు మిగిలేది టికెట్‌కు 143. 22,750ని 143తో భాగిస్తే 159 దాటుతుంది. అంటే 160 మంది ఎక్కితేనే ఖర్చు వస్తుంది. 189 సీట్లలో ఇది దాదాపు 85 శాతం.

170 మంది ఎక్కారనుకుందాం. 1,560 డాలర్లు మిగులుతుంది. 151 మందే ఎక్కితే 1,157 నష్టం. లాభానికీ నష్టానికీ మధ్య ఉన్నది పంతొమ్మిది సీట్లు. ఇంధనం ధర 20 శాతం పెరిగితే ఖర్చు 1,350 పెరిగి, 170 మంది ఎక్కినా మిగిలేది 210 డాలర్లే. టికెట్లు నాలుగు నెలల ముందే అమ్మేసి ఉంటారు కాబట్టి ఆ పెంపును కొన్నవాళ్ల మీద వేయడం కూడా కష్టం.

చార్టర్‌కు మరో ఖర్చుంది. బయటివాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు. సెలవుల చార్టర్ వారానికొకసారి ఒక గుంపును దింపి, ముందటి వారం దింపినవాళ్లను ఎక్కించుకుని వస్తుంది. మొదటి వారం తిరిగొచ్చేటప్పుడు ఎక్కేవాళ్లుండరు. చివరి వారం వెళ్లేటప్పుడూ అంతే. 20 వారాల పాటు ప్రయాణికులను పంపే సీజన్‌కు 21 రాకపోకలు, అంటే 42 ప్రయాణాలు కావాలి. అందులో రెండు ఖాళీ. మిగతా నలభైలో ఒక్క సీటూ మిగలకుండా అమ్మినా సగటు నిండుదనం సుమారు 95 శాతం దాటదు. అదే ఐదు వారాల సీజన్ అయితే 12 ప్రయాణాల్లో రెండు ఖాళీ, గరిష్ఠం 83 శాతం. పై లెక్కలో ఖర్చు రావడానికి 85 కావాలి. అంటే అంత చిన్న సీజన్‌కు ఆ ఛార్జీ పెట్టిన సంస్థ అన్ని సీట్లూ అమ్ముకున్నా మునుగుతుంది.

దీనికి తోడు వెట్ లీజు ఒప్పందాల్లో నెలకు ఇన్ని గంటలని కనీస హామీ రాయించుకుంటారు. ఎగిరినా ఎగరకపోయినా ఆ గంటలకు అద్దె కట్టాల్సిందే. శీతాకాలంలో సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు సంస్థను తినేసేది ఇదే.

మీ దగ్గరున్న ఛార్జీతో ఈ లెక్క వేసి చూడండి. పోటీ సంస్థల ఛార్జీలో మూడో వంతుకు కొన్ని సీట్లు అమ్మడం వింత కాదు, అవి ప్రకటన సీట్లు. సీజన్ పొడవునా, ప్రతి తేదీకీ, ప్రతి సీటూ ఆ ధరకే దొరుకుతోందంటే మాత్రం ఆ విమానాన్ని నడిపిస్తున్నది లాభం కాదు, రాబోయే తేదీల టికెట్ డబ్బు.

నష్టంలోనూ డబ్బు కనిపించే కాలం

టికెట్ డబ్బు ముందొస్తుంది, ఖర్చు తర్వాత వస్తుంది. అందుకే సంస్థ పెరుగుతున్నంత కాలం, ప్రతి ప్రయాణం మీదా నష్టపోతున్నా ఖాతాలో డబ్బు కనిపిస్తూనే ఉంటుంది. వేసవి టికెట్ల డబ్బుతో శీతాకాలపు అద్దె, కొత్త మార్గం టికెట్లతో పాత మార్గం ఇంధనం. ఈ డబ్బు రొటేషన్ ఆగకూడదంటే అమ్మకాలు పెరుగుతూనే ఉండాలి. ఒక్క సీజన్ చల్లబడితే చాలు.

బ్రిటన్‌లో లూటన్ నుంచి నడిచిన కోర్ట్ లైన్ కథలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. చౌక ప్యాకేజీ సెలవుల మీద పెరిగి, పెద్ద ట్రైస్టార్ విమానాలు తెచ్చుకుంది. దాని అతి పెద్ద ఖాతాదారు క్లార్క్‌సన్స్ అనే ప్యాకేజీ సంస్థ నష్టాల్లో ఉంటే, అది పోతే తన సీట్లు ఖాళీ అవుతాయని 1973లో దాన్నే కొనేసింది. ఆ ఏడాది చివర్లో చమురు ధర ఎగబాకింది, బుకింగులు పడిపోయాయి. 1974 ఆగస్టు 15న, సీజన్ నడిమధ్యలో, రెండూ కలిసి మూతబడ్డాయి. పదుల వేల మంది విదేశాల్లో చిక్కుకున్నారు. అంతకు రెండు నెలల ముందే, జూన్‌లో, ఆ వేసవి సెలవులకు ఢోకా లేదని అర్థమొచ్చేలా పార్లమెంటులో మంత్రి మాట్లాడారు. సంస్థ గానీ ప్రభుత్వం గానీ చెప్పే ధైర్యపు మాటలను హామీగా తీసుకోకూడదు. కాగితం మీద పూచీకత్తు ఉందా లేదా అన్నదే లెక్క.

ఫ్రెడ్డీ లేకర్ 1966లో చార్టర్ సంస్థగా మొదలుపెట్టిన లేకర్ ఎయిర్‌వేస్ పతనానికి మరో కారణం కూడా ఉంది, అదే కరెన్సీ. 1977 సెప్టెంబరు 26న గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు మొదలైన స్కైట్రెయిన్ అనే దాని చౌక విమాన సర్వీసులో ఒకవైపు ఛార్జీ 59 పౌండ్లు. జనం వరసలు కట్టారు. ఆ ఊపులో సంస్థ విమానాల కోసం డాలర్లలో భారీగా అప్పు చేసింది, ఆదాయంలో పెద్ద భాగం పౌండ్లలో. 1981లో పౌండ్ పడిపోయింది, ఆర్థిక మాంద్యం వచ్చింది, శరదృతువులో పెద్ద సంస్థలు ఛార్జీలు దాని స్థాయికి దించాయి. 1982 ఫిబ్రవరి 5న ఆగిపోయింది. విమానాల అద్దె, ఇంధనం, విడిభాగాలు ఎక్కువగా డాలర్లలోనే ఉంటాయి కాబట్టి వేరే కరెన్సీలో టికెట్లమ్మే ప్రతి చౌక సంస్థకూ ఈ ప్రమాదం ఉంది. స్థానిక కరెన్సీ వేగంగా పడిపోతున్న ఏడాదిలో ఆరు నెలల ముందు టికెట్ కొనకపోవడమే మేలు.

పతనానికి ముందు కనిపించే గుర్తులు

వీటిలో ఒక్కటి కనిపించినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. మూడు కలిస్తే కొనకండి.

మొదట రీఫండ్లు నెమ్మదిస్తాయి. రద్దయిన ప్రయాణానికి వారంలో వచ్చే డబ్బు నెలలు పడుతుంది, నగదు బదులు వోచర్ తీసుకోమంటారు. సభ్యత్వ పథకాలు, ముందే కొనిపెట్టుకునే ప్రయాణ వోచర్లు హడావిడిగా అమ్ముతుంటే అదీ డబ్బు కోసం వెతుకులాటే. చాలా దూరపు తేదీలకు భారీ తగ్గింపు ప్రకటించడం, ఒకేసారి అరడజను కొత్త మార్గాలు ప్రకటించడం కూడా ఈ కోవలోవే.

తర్వాత విమానాల వైపు తేడా వస్తుంది. నడిపే సంస్థ పేరు సీజన్ మధ్యలో మారుతుంది, ఒకే మార్గంలో వారానికో రంగు విమానం వస్తుంది. ఇంధన సంస్థ అప్పు ఇవ్వడం మానేసి ముందు డబ్బు కడితేనే పోస్తుంది. బయటికి ఇది ఉదయపు మొదటి విమానం కారణం చెప్పకుండా ఆలస్యం కావడంగా కనిపిస్తుంది. డైరెక్ట్ ఎయిర్ ఆగిపోయినప్పుడు బయటపడింది ఇంధన బకాయే. బకాయిల కింద విమానాన్ని విమానాశ్రయంలో నిలిపేశారన్న వార్త వస్తే ఇక రోజుల వ్యవహారమే. 2008 ఆగస్టులో జూమ్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని గ్లాస్గోలో ఇలాగే కదలనివ్వలేదు. ఆ వారంలోనే సంస్థ మూతబడింది.

బయటికి అంతగా కనిపించని గుర్తు, అన్నిటికంటే ప్రాణాంతకమైనది, కార్డు చెల్లింపులది. కార్డు డబ్బును సంస్థకు చేర్చే బ్యాంకుకు అనుమానం వస్తే, ప్రయాణం పూర్తయ్యేదాకా ఆ డబ్బు తన దగ్గరే పట్టి ఉంచుతుంది. సంస్థ మునిగితే కార్డుదారులకు తిరిగివ్వాల్సింది ఆ బ్యాంకే మరి. ముందస్తు డబ్బు మీద బతికే సంస్థకు అది ఊపిరి బిగబట్టినట్టే. 2008 ఏప్రిల్‌లో అమెరికా సంస్థ ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ అప్పులవాళ్ల నుంచి కోర్టు రక్షణ కోరడానికి కారణం ఇదే. ప్రయాణికుడికి ఇది ఎలా కనిపిస్తుందంటే, కార్డు వద్దు, నేరుగా బ్యాంకు బదిలీ చేస్తే తగ్గింపు ఇస్తాం అనే ప్రకటన రూపంలో. ఆ మాట కనిపించగానే పేజీ మూసేయండి.

లైసెన్సు తేదీలు కూడా చూడాలి. బ్రిటన్‌లో ప్యాకేజీలమ్మే సంస్థల అటాల్ (సంస్థ మునిగితే ప్రయాణికులకు రక్షణ ఇచ్చే పథకం) లైసెన్సులు మార్చి చివర, సెప్టెంబరు చివర పునరుద్ధరణకు వస్తాయి. అప్పుడు లెక్కలన్నీ నియంత్రణ సంస్థ ముందుంచాలి. మోనార్క్ అనే బ్రిటన్ విమాన సంస్థకు 2017 సెప్టెంబరు 30న పూర్తి లైసెన్సు రాలేదు, ఒక్క రోజు పొడిగింపు దక్కింది. అక్టోబరు 2 తెల్లవారుజామున ఆగిపోయింది. అప్పటికి దాదాపు 1,10,000 మంది విదేశాల్లో ఉన్నారు.

కొనేటప్పుడు చేయాల్సిన పనులు

క్రెడిట్ కార్డుతోనే కట్టండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే పాటించగలిగితే అది ఇదే కావాలి. సేవ అందకపోతే కార్డు బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రాబట్టుకోవచ్చు. బ్రిటన్‌లో అయితే 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం సెక్షన్ 75 ప్రకారం 100 పౌండ్లు దాటి 30,000 లోపు ధర ఉన్న కొనుగోలుకు కార్డు సంస్థ అమ్మకందారుతో సమానంగా బాధ్యత వహించాలి. ఒక చిక్కుంది: మధ్యలో ఏజెంటుకు కడితే ఈ సెక్షన్ వర్తించకపోవచ్చు. కార్డు నేరుగా సంస్థ పేరు మీదే పడేలా చూసుకోండి.

అమెరికాలో పబ్లిక్ చార్టర్లకు పార్ట్ 380 అనే నియమాలున్నాయి. అమ్మే సంస్థ రవాణా శాఖకు కార్యక్రమ వివరాలు సమర్పించాలి, ప్రయాణికుల డబ్బుకు పూర్తి పూచీకత్తు గానీ, కొంత పూచీకత్తుతో పాటు ఎస్క్రో ఖాతా (షరతులు నెరవేరేదాకా డబ్బును బ్యాంకు విడిగా పట్టి ఉంచే ఖాతా) గానీ చూపాలి. ఎస్క్రో ఉన్నచోట బయలుదేరే తేదీకి 60 రోజుల ముందు నుంచే బ్యాంకు ఆ డబ్బును విమానం నడిపే సంస్థకు ఇవ్వవచ్చు. అమ్మిన సంస్థకు తన వాటా యాత్ర ముగిశాకే. కాబట్టి మూడు సంగతులు అడగండి: ఏ బ్యాంకు, పూచీకత్తు ఇచ్చింది ఎవరు, రవాణా శాఖ ఇచ్చిన చార్టర్ సంఖ్య ఎంత. చెక్కు రాస్తే ఎస్క్రో ఖాతా పేరు మీదే రాయాలి, సంస్థ పేరు మీద కాదు.

ఎస్క్రో ఉందంటే ఇక భయం లేదని కూడా అనుకోవద్దు. ఎంతమంది ఎగిరారు వంటి వివరాలు బ్యాంకుకు అమ్మిన సంస్థే ఇవ్వవచ్చు. డైరెక్ట్ ఎయిర్‌లో తప్పుడు లెక్కలు చూపి ఇంకా ఎగరని ప్రయాణికుల డబ్బు బయటికి తీశారు. డైరెక్ట్ ఎయిర్‌ను నడిపినవాళ్లను తర్వాత ఫెడరల్ కోర్టు దోషులుగా తేల్చింది. ఎస్క్రో ఉన్నా కార్డుతోనే కట్టమనేది అందుకే.

బ్రిటన్‌లో ప్యాకేజీ కొంటే డబ్బు కట్టగానే అటాల్ సర్టిఫికెట్ రావాలి. దాని మీద పేర్లు, తేదీలు, ఏ భాగాలకు రక్షణ ఉందో సరిచూసుకోండి. విమాన సంస్థ నుంచి నేరుగా టికెట్ మాత్రమే కొంటే సాధారణంగా ఈ రక్షణ ఉండదు. ఐరోపా సమాఖ్య దేశాల్లోనూ ప్యాకేజీకి దివాలా రక్షణ తప్పనిసరి, విడి టికెట్‌కు కాదు.

ప్రయాణ బీమా తీసుకుంటే "విమాన సంస్థ ఆర్థికంగా విఫలమైతే" అనే అంశం పాలసీలో ఉందో లేదో చదవండి. చాలా పాలసీల్లో ఉండదు. ఉన్నా, సంస్థ ఇబ్బందుల్లో ఉందని బయటపడ్డాక తీసుకున్న పాలసీకి వర్తించదు. కొన్ని బీమా సంస్థలు ఫలానా విమాన సంస్థలకు రక్షణ ఇవ్వబోమని జాబితా పెడతాయి. మీరు కొనబోయే సంస్థ ఆ జాబితాలో ఉంటే దానికి మించిన హెచ్చరిక ఉండదు.

మూతబడ్డ రోజు

వెబ్‌సైట్ గంటల్లో మాయమవుతుంది. అందుకని మొదటి పని సాక్ష్యం దాచుకోవడం. బుకింగ్ పేజీ, షరతులు, సంస్థ ఇచ్చిన రద్దు ప్రకటన స్క్రీన్‌షాట్లు తీయండి, టికెట్ పీడీఎఫ్, కార్డు స్టేట్‌మెంటు ఒకచోట పెట్టండి. సంస్థ ఫోన్ల కోసం గంటలు కూర్చోవద్దు, ఎత్తేవాళ్లుండరు.

పరాయి ఊళ్లో చిక్కుకుంటే, అటాల్ ఉన్నవాళ్లు సొంతంగా టికెట్ కొనకుండా ముందు బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ ప్రకటన చూడాలి. తిరుగు ప్రయాణం అదే ఏర్పాటు చేస్తుంది, సొంతంగా కొంటే ఆ ఖర్చు రాకపోవచ్చు. హోటల్ డబ్బు మళ్లీ కట్టమంటే అటాల్ వివరాలు చూపి ఆ నియంత్రణ సంస్థనే సంప్రదించండి. రక్షణ లేనివాళ్లు ఆలస్యం చేయకుండా వేరే విమానం చూసుకోవాలి, ఎందుకంటే మిగిలిన సీట్లు కొన్ని గంటల్లో అయిపోతాయి, ఛార్జీలు ఎగబాకుతాయి. చిక్కుకున్నవాళ్లకు పోటీ సంస్థలు కొన్నిసార్లు తక్కువ ఛార్జీ ఇస్తాయి, పాత టికెట్ చూపి కౌంటర్లో అడగండి. మోనార్క్ పడిపోయినప్పుడు అటాల్ లేనివాళ్లనూ ప్రభుత్వ ఖర్చుతో తీసుకొచ్చారు. ప్రతిసారీ అలా జరుగుతుందని లెక్కపెట్టుకోవద్దు.

ఆ వారంలోనే కార్డు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. "సేవ అందలేదు" అన్న కారణం రాయాలి, "మోసం" అని రాస్తే ఫిర్యాదు వేరే విభాగానికి వెళ్లి ఆలస్యమవుతుంది. వెళ్లే ప్రయాణం అయిపోయి తిరుగు ప్రయాణమే పోతే, ఆ భాగం డబ్బే అడగండి. మొత్తం అడిగితే తిరస్కరించవచ్చు. గడువులు చాలావరకు ప్రయాణం జరగాల్సిన తేదీ నుంచి 120 రోజుల దాకా ఉంటాయి, కానీ అమెరికా చట్టంలోని బిల్లింగ్ వివాదానికి స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లో లేఖ చేరాలి. చిన్న గడువునే మనసులో పెట్టుకోండి.

అమెరికా చార్టర్ అయితే దీంతోపాటు పూచీకత్తు ఇచ్చిన సంస్థకూ, ఎస్క్రో బ్యాంకుకూ క్లెయిము పంపాలి. ఒప్పందాల్లో సాధారణంగా ఇందుకు 60 రోజుల గడువు ఉంటుంది. కార్డు ఫిర్యాదు నడుస్తోంది కదా అని దీన్ని వదిలేయకండి, కార్డు దారి మూసుకుపోయేసరికి ఈ గడువూ దాటిపోతుంది. ఒకే నష్టానికి రెండు చోట్ల డబ్బు వస్తే మాత్రం ఒకటి తిరిగిచ్చేయాలి.

అన్నీ విఫలమైతే మిగిలేది దివాలా కోర్టు. క్లెయిము పత్రం నింపి రసీదులు జతచేసి పంపాలి. అమెరికాలో ముందస్తు కట్టిన వినియోగదారుడికి ఒక పరిమితి దాకా మామూలు అప్పులవాళ్లకంటే ముందు చోటు దక్కుతుంది. కానీ విమానాలు అద్దెవి, ఇంధనం అప్పుది, కార్యాలయంలో కుర్చీలు తప్ప సంస్థకు ఆస్తులుండవు. వచ్చేది చాలాసార్లు రూపాయికి కొన్ని పైసలే, అదీ ఏళ్ల తర్వాత. అందుకే పత్రం పంపి మరచిపోండి, శ్రమంతా కార్డు ఫిర్యాదు మీద, పూచీకత్తు క్లెయిము మీద పెట్టండి.